1.3 నుంచి 2.0కి: పాత డేటాబేస్ లైబ్రరీని మార్చిన నా అనుభవం

మేము కొందరం కలిసి చిన్న గ్రంథాలయాల కోసం ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను నడుపుతున్నాం. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉంది, గడువు ఎప్పుడు ముగుస్తుంది, ఎన్ని ప్రతులు మిగిలాయి అన్న లెక్కలు చూసుకోవడమే దాని పని. అది పైథాన్‌లో రాసినది. డేటాబేస్ పనంతా ఎస్‌క్యూఎల్ఆల్కెమీ అనే లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధమైన కోడ్) ద్వారా జరుగుతుంది. ఆ లైబ్రరీ 1.3 వెర్షన్ 2019లో వచ్చింది. 2021 మార్చిలో 1.4, 2023 జనవరిలో 2.0 వచ్చినా మా ప్రాజెక్టు 1.3 దగ్గరే ఉండిపోయింది. పని నడుస్తోంది కదా అని ఎవరూ దాని జోలికి వెళ్లలేదు.

ఒక వాడుకరి పంపిన ఫిర్యాదుతో ఇక కదలక తప్పలేదు. నెలవారీ నివేదిక తెరిస్తే ‘ఇంజిన్ ఆబ్జెక్టుకు కర్సర్ లేదు’ అన్న అర్థంలో ఒక లోపం వస్తోందని ఆయన రాశారు. ఇంజిన్ అంటే డేటాబేస్‌తో కనెక్షన్లు తెరిచే ఎస్‌క్యూఎల్ఆల్కెమీ వస్తువు, కర్సర్ అంటే డేటాబేస్‌కు ఆదేశం పంపి ఫలితం తెచ్చే సాధనం. మా కోడ్‌లో కర్సర్ అన్న మాటే ఎక్కడా లేదు. రెండు సాయంత్రాలు వెతికాక విషయం తేలింది. నివేదికలకు మేము పాండాస్ అనే డేటా విశ్లేషణ లైబ్రరీ వాడతాం, ఆయన కంప్యూటర్‌లో ఉన్నది పాండాస్ 2.2. ఆ వెర్షన్‌కు ఎస్‌క్యూఎల్ఆల్కెమీ కనీసం 2.0 కావాలి. అంతకంటే పాతది ఉంటే, అసలు ఎస్‌క్యూఎల్ఆల్కెమీ లేనట్టే లెక్క వేసుకుంటుంది. మనం అందించిన ఇంజిన్‌ను మామూలు డేటాబేస్ కనెక్షన్ అనుకుని కర్సర్ అడుగుతుంది. ‘మీ లైబ్రరీ పాతది’ అన్న ఒక్క మాట ఆ లోపంలో ఉంటే ఆయన సమయమూ నా సమయమూ మిగిలేవి.

మా డిపెండెన్సీల (ప్రాజెక్టుకు కావలసిన ఇతర లైబ్రరీల) ఫైల్ తెరిచి చూస్తే ‘1.4 కంటే తక్కువ’ అన్న షరతు ఉంది. ఎందుకో పక్కన రాసి లేదు. కోడ్ మార్పులను నమోదు చేసే గిట్ చరిత్రలో వెతికితే ‘ప్రస్తుతానికి ఆపుతున్నాం’ అన్న కమిట్ (ఒక మార్పు నమోదు) సందేశం మాత్రం దొరికింది. ఆ కమిట్ చేసినవారు ఇప్పుడు ప్రాజెక్టులో లేరు. కారణం తెలియని షరతును తీయాలంటే చెయ్యి ఆడదు. ఏ దోషాన్ని ఆపడానికి పెట్టారో, తీస్తే ఏది బయటపడుతుందో తెలియదు కదా.

మొదట నేరుగా 2.0 పెట్టి, కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే మా పరీక్షలు నడిపాను. మూడో వంతు పైగా విఫలమయ్యాయి. దొరికినదాన్ని దొరికినట్టు సరిచేస్తూ ఒక రోజంతా గడిపాను. సాయంత్రానికి నేను మార్చినదేదో, మార్చవలసినదేదో నాకే తెలియకుండా పోయింది. ఆ బ్రాంచిని (ఆ మార్పుల కోసం విడిగా తీసుకున్న కోడ్ ప్రతిని) చెరిపేసి, లైబ్రరీ వాళ్లే రాసిన వలస మార్గదర్శినిని మొదటి నుంచి చివరి దాకా చదివాను. చదవవలసింది ముందే. 1.4ను వాళ్లు వంతెనగానే కట్టారు. పాత పద్ధతీ కొత్త పద్ధతీ రెండూ అందులో పనిచేస్తాయి. ‘ఎస్‌క్యూఎల్ఆల్కెమీ_వార్న్_20’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు (ప్రోగ్రామ్‌కు బయట నుంచి ఇచ్చే సెట్టింగుకు) 1 విలువ ఇచ్చి నడిపితే, 2.0లో ఏది పోతుందో ఏది మారుతుందో హెచ్చరికల రూపంలో చూపిస్తుంది. అంటే 2.0కి వెళ్లేలోపే, పనిచేస్తున్న ప్రోగ్రామ్‌ను పనిచేస్తున్నట్టే ఉంచి ఒక్కొక్క చోటు సరిచేసుకోవచ్చు.

1.4కు మారిన వెంటనే ఎదురైన మొదటి అడ్డంకి మా కోడ్‌లో లేదు, వాడుకరుల సెట్టింగుల్లో ఉంది. డేటాబేస్ చిరునామా ‘పోస్ట్‌గ్రెస్’ అన్న పదంతో మొదలైతే 1.3 అంగీకరించేది. 1.4 అంగీకరించదు, ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్’ అని ఆ డేటాబేస్ వ్యవస్థ పేరు పూర్తిగా ఉండాలి. విడుదల గమనికల్లో ఒక వాక్యం రాసి ఊరుకోవచ్చు అన్నారు ఒకరు. నాకు మనసొప్పలేదు. మా సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడో ఒకసారి పెట్టుకుని, తర్వాత పుస్తకాల పనిలో మునిగిపోయినవాళ్లు. వాళ్లు గమనికలు చదవరు, చదవాలని అడగడం కూడా న్యాయం కాదు. సెట్టింగు చదివే చోటే పాత పదాన్ని కొత్తదిగా మార్చి, ఒక గమనిక ముద్రించేలా నాలుగు వరుసలు రాశాను.

తర్వాత హెచ్చరికల పని. వాటిని రకాలుగా విడదీసుకుని, ఒక్కొక్క రకాన్ని లోపంగా మార్చి పరీక్షలు నడిపాను. ఒక రకం పూర్తిగా పోయాకే ఇంకో రకం. ఫలితంలోని వరుసను పేరుతో, అంటే డిక్షనరీలాగా తీసుకున్న చోట్లు ఎక్కువ. 2.0లో వరుస అంటే టపుల్ (స్థానం ప్రకారం విలువలు ఉండే జాబితా), పేరుతో కావాలంటే మ్యాపింగ్ రూపంలో అడగాలి. మామూలు స్ట్రింగుగా (వట్టి అక్షరాలుగా) రాసిన ఎస్‌క్యూఎల్‌ను, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశాలను, నేరుగా నడపడం కుదరదు, దాన్ని టెక్స్ట్ ఫంక్షన్‌లో చుట్టాలి. ఓపిక ఉంటే చాలు, ఇవన్నీ కష్టం కాదు.

ఒక్క సందేహం మాత్రం వచ్చింది. డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే పాత మైగ్రేషన్ ఫైళ్లలోనూ అలాంటి స్ట్రింగులు ఉన్నాయి. ఎప్పుడో అయిపోయిన మైగ్రేషన్లను ముట్టుకోకూడదని మాకు ఒక నియమం. కానీ కొత్తగా సాఫ్ట్‌వేర్ పెట్టుకునేవారికి మొదటి మైగ్రేషన్ నుంచి అన్నీ వరుసగా నడుస్తాయి, అక్కడే ఆగిపోతాయి. ఆలోచించి నియమాన్ని సడలించాను. ఎస్‌క్యూఎల్‌లో ఒక్క అక్షరం మారలేదు, బయట చుట్టు మాత్రమే వేశాను. అయినా ఖాళీ డేటాబేస్ మీద పాత కోడ్‌తో ఒకసారి, కొత్త కోడ్‌తో ఒకసారి అన్నీ నడిపి, రెండు నిర్మాణాలను ఫైళ్లుగా తీసి పోల్చాకే నమ్మాను.

2.0లో పనిచేయకుండా పోయేవాటి హెచ్చరికలు సున్నాకు వచ్చాయి. 2.0 పెట్టాను. పరీక్షలన్నీ గట్టెక్కాయి. అసలు సమస్య అప్పటికి నా కంట పడనే లేదు.

గడువు దాటిన పుస్తకాలకు గుర్తు పెట్టే చిన్న స్క్రిప్టు మాకు ఒకటి ఉంది. ప్రతి రాత్రి నడుస్తుంది. ప్రయోగాల కోసం ఉంచిన సర్వర్‌లో దాన్ని రాత్రి నడవనిచ్చి, ఉదయం లాగ్ చూశాను. ‘41 వరుసలు మారాయి’ అని ఉంది. అలవాటుగా పట్టిక కూడా తెరిచాను. ఒక్క వరుస కూడా మారలేదు. మళ్లీ చేత్తో నడిపాను. మళ్లీ 41. పట్టికలో మళ్లీ ఏమీ లేదు. ఎక్కడా లోపం లేదు, హెచ్చరిక లేదు, స్క్రిప్టు మర్యాదగా పని ముగించుకుని వెళ్లిపోతోంది.

ఇంజిన్‌కు ఎకో ఆన్ చేసి, డేటాబేస్‌కు వెళ్లే ప్రతి మాటనూ తెర మీదికి తెప్పించాను. మొదట బిగిన్, అంటే లావాదేవీ (కలిసి నిలిచే లేదా కలిసి రద్దయ్యే మార్పుల గుంపు) మొదలు. తర్వాత నా అప్‌డేట్ వాక్యం, దాని విలువలు. ఆ తర్వాత చివరి వరుస: రోల్‌బ్యాక్, అంటే చేసినదంతా రద్దు. ఆ ఒక్క పదాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

కారణం ఇది. 1.x కాలంలో ఎస్‌క్యూఎల్ఆల్కెమీ మనం రాసిన వాక్యం ఇన్సర్ట్, అప్‌డేట్, డిలీట్ వంటి మాటలతో మొదలైందేమో చూసి, తనంతట తానే కమిట్ చేసేది, అంటే మార్పును డేటాబేస్‌లో శాశ్వతం చేసేది (దీన్నే ఆటోకమిట్ అంటారు). 2.0లో ఆ సౌకర్యాన్ని తీసేశారు. కమిట్ అని మనం చెప్పకపోతే, కనెక్షన్ మూసుకునేటప్పుడు చేసిన పనంతా వెనక్కి పోతుంది. 41 అన్న సంఖ్య అబద్ధం కాదు. ఆ లావాదేవీ లోపల 41 వరుసలు నిజంగానే మారాయి, కాసేపటికి రద్దయ్యాయి.

మరి పరీక్షలు ఎందుకు పట్టుకోలేదు? మా ప్రతి పరీక్ష ముందే ఒక లావాదేవీ తెరిచి, ఆ కనెక్షన్‌నే ఫంక్షన్‌కు ఇచ్చి, ఫలితాన్నీ ఆ కనెక్షన్‌లోనే చదివి, చివర్లో అంతా రద్దు చేస్తుంది. డేటాబేస్ శుభ్రంగా ఉండటానికి అందరూ వాడే పద్ధతే అది. కమిట్ కాని మార్పు కూడా అదే కనెక్షన్‌కు కనిపిస్తుంది కాబట్టి పరీక్ష గట్టెక్కుతుంది. బయట లావాదేవీ తెరిచే ఉంది కాబట్టి 1.4లో ఆటోకమిట్ జరిగే అవసరమే రాలేదు, దాని హెచ్చరికా రాలేదు. స్క్రిప్టు సొంతంగా కనెక్షన్ తెరిచే నాలుగు వరుసలను ఏ పరీక్షా తాకలేదు. ఆ మార్పు అలాగే విడుదలై ఉంటే, ఎన్నో గ్రంథాలయాల్లో గడువు దాటిన పుస్తకాలు దాటనట్టే కనిపించేవి, ఎన్నాళ్లకు తెలిసేదో.

కనెక్ట్ అని ఉన్న చోట బిగిన్ అని మారిస్తే సరిపోయింది. ఆ బ్లాకు లోపాలు లేకుండా ముగిస్తే కమిట్ అదే చేస్తుంది. సరిచేయడానికి నిమిషం పట్టింది, అలాంటి చోట్లు ఇంకెన్ని ఉన్నాయో వెతకడానికి వారం పట్టింది. మొత్తం ఆరు దొరికాయి. ఆరింటికీ కొత్త పరీక్షలు రాశాను. వాటిలో రాసేది ఒక కనెక్షన్, చదివేది ఇంకో కనెక్షన్. ఇవి నెమ్మదిగా నడుస్తాయి, తర్వాత డేటాబేస్‌ను శుభ్రం చేయడం కూడా మనమే చూసుకోవాలి. అయినా సరే అనుకున్నాను.

అంతా ఒకే మార్పుగా సమీక్షకు పంపితే మా సహ నిర్వాహకురాలు తిప్పి పంపారు. ‘ఇంత పెద్దదాన్ని నేను శ్రద్ధగా చదవలేనండీ. చదవకుండా సరే అనలేను. దయచేసి విడదీయండి’ అని రాశారు. ఆమె చెప్పింది నిజం. ఐదు ముక్కలుగా విడదీశాను. మొదటి నాలుగూ 1.4 మీదనే నడుస్తాయి, ఐదోదానిలో వెర్షన్ మార్పు మాత్రమే. నాలుగో ముక్కలో నేను కమిట్ చెప్పడం మరిచిన ఒక చోటును ఆమే పట్టుకున్నారు. నేను వెతికిన ఆరు చోట్లలో లేని ఏడోది అది.

డిపెండెన్సీల ఫైల్‌లో ఇప్పుడు ‘2.0 లేదా ఎక్కువ, 2.1 కంటే తక్కువ’ అని ఉంది. దాని పైన మూడు వరుసల వ్యాఖ్య రాశాను: పై హద్దు ఎందుకు పెట్టామో, తీసే ముందు ఏ పరీక్షలు నడపాలో. విడుదల తర్వాత మొదట ఫిర్యాదు చేసినాయనకు కబురు చేశాను. నివేదిక తెరుచుకుందని, నెల మొత్తం లెక్క సరిపోయిందని జవాబిచ్చారు.

పని పూర్తిగా అయిపోలేదు. క్వెరీ మీద గెట్ పిలిచే (ఐడీ ఇచ్చి ఒక్క వరుసను తెచ్చుకునే) పాత పద్ధతి 2.0లో ఇంకా పనిచేస్తుంది, హెచ్చరిక మాత్రం ఇస్తుంది. మా కోడ్‌లో అలాంటివి పద్నాలుగు మిగిలాయి. కొత్తగా ప్రాజెక్టులోకి వచ్చేవారు మొదలుపెట్టడానికి బాగుంటాయని, ఒక్కొక్కదానికీ ఫైల్ పేరు, వరుస సంఖ్య రాసి ఉంచాను. రెండు ఇప్పటికే ఎవరో సరిచేసి పంపారు. వాటిని ఈ రాత్రి సమీక్షించాలి.