కయీనుకు దేవుడు వేసిన గురుతు

బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండం నాలుగో అధ్యాయంలో లోకంలో మొదటి హత్య జరుగుతుంది. చంపినవాడు అన్న కయీను, చనిపోయినవాడు సొంత తమ్ముడు హేబెలు. సాక్షుల కోసం వెతకాల్సిన పనిలేదు, హేబెలు రక్తమే నేలలోంచి మొరపెడుతోంది. తీర్పు చెప్పేవాడు దేవుడే కాబట్టి పొరపాటు పడే ప్రమాదమూ లేదు. మరణశిక్షకు ఇంతకంటే తగిన కేసు ఉంటుందా? అయినా 15వ వచనంలో, ఎవరూ చంపకుండా ఉండేందుకు దేవుడు కయీనుకు ఒక గురుతు వేస్తాడు.

దాన్ని అవమానపు ముద్ర అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వచనం నెమ్మదిగా చదివితే అది అతనికి కాపుదల అని తెలుస్తుంది. శిక్ష అంతకుముందే పడింది: నేల అతనికి పండదు, దిక్కులేనివాడిగా తిరగాలి. ఆ శిక్షను దేవుడు రద్దు చేయలేదు. ప్రాణాన్ని మాత్రం ఎవరి చేతికీ వదల్లేదు.

రెండో జాన్ పాల్ పోపుగారు 1995లో జీవితపు విలువ గురించి రాసిన లేఖలో ఈ కయీను దగ్గరే చాలాసేపు ఆగారు. హంతకుడు కూడా మనిషిగా తన గౌరవాన్ని కోల్పోడని, దానికి దేవుడే పూచీ అని రాశారు. మరణశిక్ష తప్పనిసరి అయ్యే సందర్భాలు ఈ కాలంలో దాదాపు లేనట్టేనన్నారు. 1999 జనవరిలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు వెళ్ళినప్పుడు, ముగ్గురిని చంపిన ఒక ఖైదీని కనికరించమని మిస్సోరి గవర్నరును స్వయంగా అడిగారు. ఆ ఖైదీకి మరణం తప్పి యావజ్జీవం పడింది. 2018 ఆగస్టులో ఫ్రాన్సిస్ పోపుగారు కతోలిక బోధలన్నీ ఉన్న అధికారిక గ్రంథం సత్యోపదేశంలోని 2267వ పేరానే మార్పించారు. మరణశిక్షను ఇక ఒప్పుకోలేమని, ప్రపంచమంతటా దాని రద్దు కోసం శ్రీసభ, అంటే కతోలిక సంఘం, పనిచేస్తుందని ఇప్పుడు అక్కడ ఉంది.

శ్రీసభ మొదటినుంచీ ఇదే మాట చెప్పిందంటే అది నిజం కాదు. ఒంటికి ముప్పు తెచ్చే కుళ్ళిన అవయవాన్ని కోసేసినట్టు, సమాజానికి ముప్పు తెచ్చే నేరస్థుణ్ణి తొలగించవచ్చని మధ్యయుగపు వేదాంతి పునీత తోమాసు అక్వినాసు రాశారు. పోపుల పాలనలోని రాజ్యంలో 1796 నుంచి 1864 వరకు ఒక్క తలారి చేతిలోనే ఐదువందల మందికి పైగా చనిపోయారు. వాటికన్ చట్టంలో మరణశిక్ష 1969 దాకా ఉంది. వీటిని దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు. అయితే కనికరించమనే రెండో గొంతు కూడా పాతదే. సుమారు 412లో, ఆఫ్రికాలో ఒక క్రైస్తవ గురువును చంపి, మరో గురువు కన్ను పొడిచి వేలు నరికినవాళ్ళు నేరం ఒప్పుకున్నప్పుడు, వాళ్ళకు అదే గతి పట్టించవద్దని అక్కడి బిషప్పు పునీత అగస్టీను న్యాయాధికారికి ఉత్తరం రాశారు. చనిపోయింది తన వాళ్ళే!

‘నరుని రక్తం చిందించినవాని రక్తం నరుని చేతనే చిందుతుంది’ అన్న మాట కూడా ఆదికాండంలోనే ఉంది కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. జనాన్ని కాపాడటం రాజ్యం బాధ్యత, శ్రీసభ దాన్ని కాదనదు. గట్టి జైళ్ళు ఆ పని చేయగలిగినప్పుడు, మారడానికి మిగిలిన సమయాన్ని కూడా మనిషి నుంచి లాక్కోవడం ఎందుకన్నదే దాని ప్రశ్న.

నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది మాత్రం హేబెలు. గురుతు వేశాక అతని రక్తం మొర ఆగిపోయిందని ఎక్కడా రాయలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘వాణ్ణి ఉరి తీయండి’ అని అరిస్తే, ఆమెకు వచనాలు వినిపించే అర్హత మనకు లేదు. ఆమె పక్కన కూర్చోవాలి, కోర్టుకు తోడు వెళ్ళాలి. క్షమించాలా వద్దా అన్నది ఆమెకూ దేవునికీ మధ్య విషయం. ఆమెను తొందరపెట్టే భక్తి నాకు భయం పుట్టిస్తుంది.

క్షమించేదాకా ఆ దూరం నడిచినవాళ్ళు కొందరున్నారు. 1995 ఫిబ్రవరి 25న మధ్యప్రదేశ్‌లో పేదల పక్షాన నిలిచిన సిస్టర్ రాణీ మరియాను బస్సు ప్రయాణంలో పొడిచి చంపారు. చంపినవాడికి యావజ్జీవం పడింది. ఏడేళ్ళ తర్వాత ఆమె చెల్లెలు, తానూ మఠకన్యే, జైలుకు వెళ్ళి అతనికి రాఖీ కట్టింది. విడుదలయ్యాక అతను కేరళలోని వాళ్ళింటికి వెళ్తే రాణీ మరియా తల్లి అతని చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకుంది. 2017 నవంబరు 4న ఇండోర్‌లో రాణీ మరియాను ధన్యురాలిగా, అంటే పునీత హోదాకు ముందు మెట్టుగా, ప్రకటించారు.

మన గుళ్ళలో విశ్వాసుల ప్రార్థనలో రోగుల కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం, వానల కోసం వేడుకుంటాం. ఉరిశిక్ష పడిన ఖైదీల కోసం వేడుకోవడం నేనింకా వినలేదు. వచ్చే ఆదివారం పూజలో చదవాల్సిన వంతు మీదైతే, హత్యకు గురైనవారి కుటుంబాలను ముందు తలచుకుని, వెంటనే ఆ ఖైదీలనూ కలపండి.