సుత్తి ఎత్తడానికి ముందు అరగంట

సముద్రంలో పైల్‌ను, అంటే కట్టడాన్ని మోసే పొడవాటి స్తంభాన్ని, యంత్రపు సుత్తితో నేలలోకి దిగగొట్టేటప్పుడు బార్జి మీద నిలబడిన వారికి వినబడే చప్పుడు వేరు, అదే చప్పుడు నీటి అడుగున వినబడే తీరు వేరు. ఓడలు ఆగే జెట్టీలు, బెర్తులు కట్టే పనుల్లో నేను పదహారేళ్లుగా ఉన్నాను. మొదటి చప్పుడుకు నా చెవులు ఎంతగా అలవాటు పడ్డాయంటే, సెలవు మీద విశాఖపట్నం వచ్చినప్పుడు మా ఇంట్లో మొదటి రెండు రాత్రులూ నిద్ర పట్టేది కాదు. రెండో చప్పుడును మాత్రం ఒక్కసారే విన్నాను. విదేశంలో ఒక ఓడరేవు విస్తరణ పనిలో ఉండగా, ఆ నీటిలో తిరిగే డాల్ఫిన్లను గమనించడానికి నియమించిన పరిశీలకురాలు ఒక రోజు నన్ను తన పడవలో బార్జికి కిలోమీటరు దూరం తీసుకువెళ్లి, నీటిలోకి దించిన హైడ్రోఫోన్‌కు, అంటే నీటి అడుగు శబ్దాలను పట్టే మైకుకు, తగిలించిన హెడ్‌ఫోన్లు నా చేతికిచ్చారు.

మొదట వినబడింది పెనంలో తాలింపు గింజలు చిటపటలాడుతున్నట్టున్న సన్నని శబ్దం. అది అడుగున రాళ్ల మధ్య ఉండే ఒక జాతి రొయ్యలు తమ కొండిని టక్కున మూసినప్పుడు పుట్టే చప్పుడని, వెచ్చని సముద్రాల్లో తీరం దగ్గర అది రేయింబవళ్లు ఉంటుందని ఆమె చెప్పారు. ఆ చిటపటల వెనుక ఎక్కడో దూరంగా ఒక ఓడ ఇంజను మూలుగు కూడా తెలుస్తోంది. అంతలో మా బార్జి మీద సుత్తి పడింది. రోట్లో రోకలి పోటు పక్క గదిలో పడినట్టుగా కాక, నా తల లోపలే పడినట్టుగా అనిపించి హెడ్‌ఫోన్లు తీసేశాను. మళ్లీ పెట్టుకుని విన్నాను. దెబ్బకూ దెబ్బకూ మధ్య రెండు సెకన్లైనా లేదు. ఆ కొద్ది వ్యవధిలో కూడా రొయ్యల చప్పుడు తిరిగి తెలిసేలోపే మరో దెబ్బ పడుతోంది. అక్కడ నేనున్నది కిలోమీటరు దూరంలో అని నాకు నేను గుర్తు చేసుకోవలసి వచ్చింది.

ఆమె నన్ను తీసుకువెళ్లడానికి ఒక కారణం ఉంది. అంతకు రెండు వారాల ముందు ఒక ఉదయం, పైల్‌ను గైడ్ ఫ్రేములో నిలబెట్టి, సుత్తి ఎక్కించి, ఆటు పోటుల లెక్క చూసుకుని అంతా సిద్ధం చేసుకున్నాక, ఆమె పని మొదలుపెట్టవద్దని రేడియోలో చెప్పారు. మూడు డాల్ఫిన్లు నిషేధ పరిధిలోకి, అంటే జంతువు ఉంటే సుత్తి ఎత్తకూడని హద్దులోకి వచ్చాయి, వాటిలో ఒకటి పిల్ల. అవి వెళ్లిపోయిన తరువాత కూడా నిబంధన ప్రకారం ఆగి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెట్టేసరికి యాభై నిమిషాలు గడిచాయి. క్రేన్, టగ్గు, పద్నాలుగు మంది కూలీలు, అందరి జీతాలూ నా కళ్ల ముందు తిరిగాయి. రేడియోలో ఆమె మీద అరిచాను, అందరూ వింటుండగా అరిచాను. ఆమె బదులు చెప్పలేదు. రెండు వారాల తరువాత హెడ్‌ఫోన్లు ఇచ్చారు.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలోనైతే 340 మీటర్లే. వెలుతురు సంగతి ఇందుకు తారుమారు. నదీముఖాల దగ్గరి బురద నీటిలో చాచిన చేయి కూడా కనబడదు. అందువల్ల తీరం వెంబడి బతికే డాల్ఫిన్ క్లిక్‌మనే శబ్దాలను వదిలి, వాటి ప్రతిధ్వనిని బట్టి చేప ఎక్కడుందో, ఇసుక దిబ్బ ఎక్కడుందో తెలుసుకుంటుంది. తల్లీ పిల్లా ఒకదాన్నొకటి ఈల లాంటి పిలుపులతో వెతుక్కుంటాయి. ఉక్కు పైల్ మీద సుత్తి పడినప్పుడు పుట్టే ఒత్తిడి నీటిలోనే కాక సముద్రపు నేలలో కూడా పాకుతుంది. దగ్గరగా ఉన్న జంతువుకు వినికిడి కొంతసేపు మందగించవచ్చు, లేదా శాశ్వతంగా పోవచ్చు. ఒక్క దెబ్బ ఆ పని చేయకపోయినా, ఒక పైల్‌కు పడే వందల కొద్దీ, వేల కొద్దీ దెబ్బలు కూడి ఆ పని చేయగలవు. నీటి అడుగున 200 డెసిబెల్స్ అన్న అంకెను చూసి కొందరు దాన్ని విమానం ఇంజనుతోనో రాకెట్టుతోనో పోల్చి రాస్తుంటారు. రెండింటికీ కొలత మొదలయ్యే ఆధార పీడనమే వేరు కాబట్టి ఆ పోలిక తప్పు. కానీ ఆ తప్పును పట్టుకుని, అసలు హానే లేదని వాదించే ఇంజనీర్లను కూడా చూశాను. చెవుడు వచ్చిన డాల్ఫిన్ మన కళ్లెదుట ఒడ్డుకు కొట్టుకు రావాలన్న నియమం లేదు. వేట సాగక చిక్కిపోయి ఎక్కడో చనిపోయే జంతువు ఏ కాంట్రాక్టరు నివేదికలోనూ ఉండదు.

ఈ విషయంలో బ్రిటన్‌లో ప్రకృతి పరిరక్షణ సలహా సంస్థ జె.ఎన్.సి.సి. 2010లో వెలువరించిన పైలింగ్ మార్గదర్శకాలు సరళంగా ఉంటాయి. పైల్ చుట్టూ కనీసం 500 మీటర్ల పరిధిని నిర్ణయించుకోవాలి. సుత్తి ఎత్తడానికి ముందు కనీసం అరగంట సేపు శిక్షణ పొందిన పరిశీలకులు ఆ పరిధిని గాలించాలి. జంతువు కనబడితే మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టేటప్పుడు కూడా ఒక్కసారిగా పూర్తి బలంతో కొట్టకుండా, కనీసం ఇరవై నిమిషాల పాటు బలాన్ని మెల్లగా పెంచుతూ పోవాలి, దీన్నే సాఫ్ట్ స్టార్ట్ అంటారు. పది నిమిషాలకు మించి పని ఆగితే గాలింపుతో సహా అంతా మొదటి నుంచి చేయాలి. చీకటిలోనూ, సరిగా కనబడని వాతావరణంలోనూ కళ్లతో గాలించడం కుదరదు కాబట్టి అప్పుడు పని మొదలుపెట్టకూడదు. నేను అరిచిన రోజున మమ్మల్ని ఆపింది ఈ కోవకు చెందిన నిబంధనే. ఈ అరగంటను వృథా సమయంగా చూసినవాడిగా చెబుతున్నాను, కాంక్రీటు క్యూరింగ్‌కు ఇచ్చే రోజులను ఎవరూ వృథా అనరు.

అయితే కళ్లతో గాలించడానికి ఒక హద్దు ఉంది. డాల్ఫిన్ నీటిపైకి వచ్చేది ఊపిరి కోసం, ఆ కొద్ది క్షణాలే. అలలు లేచిన రోజున బూడిద రంగు వీపు కనబడదు. పైగా సాఫ్ట్ స్టార్ట్‌తో జంతువు దూరంగా పోతుందన్నది మన నమ్మకం. అలా పోవడం దానికి మేలో కాదో ఆ పోయిన చోట ఏముందన్న దాన్ని బట్టి ఉంటుంది. హాంకాంగ్ అనుభవం నాకు ఈ సంగతినే నేర్పింది.

హాంకాంగ్ పశ్చిమ భాగంలో లాంటావ్ ద్వీపం చుట్టూ చైనీస్ వైట్ డాల్ఫిన్లు ఉన్నాయి. పుట్టినప్పుడు ముదురు బూడిద రంగులో ఉండి, పెద్దయ్యేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. 1997లో హాంకాంగ్ చైనాకు తిరిగి చేరినప్పటి ఉత్సవాలకు చిహ్నంగా ఎంచుకున్నది వీటినే. ఆ సమయంలోనే ద్వీపానికి ఉత్తరాన కొత్త విమానాశ్రయం కడుతున్నారు. దానికి ఇంధనం దింపే జెట్టీ కోసం 1996లో షా చావ్ దీవి దగ్గర పైల్స్ దిగగొట్టవలసి వచ్చింది, అది సరిగ్గా డాల్ఫిన్లు తిరిగే చోటు. అక్కడ బుడగల తెరను వాడి చూశారు. పైలింగ్ బార్జి చుట్టూ సముద్రపు నేల మీద రంధ్రాలున్న రబ్బరు గొట్టాన్ని వలయంగా పరచి, పైనున్న కంప్రెసర్లతో దానిలోకి గాలి కొడితే, గాలి బుడగలు గోడలాగా పైకి లేస్తాయి. నీటిలో సాగే ధ్వనికి గాలి పూర్తిగా భిన్నమైన మాధ్యమం. బుడగల గోడను తాకిన ధ్వనిలో కొంత వెనక్కి మళ్లుతుంది, కొంత చెదిరి బలహీనపడుతుంది. ఆ ప్రయోగంలో మొత్తం శబ్దం తగ్గింది 3 నుంచి 5 డెసిబెల్సే అయినా, 400 నుంచి 6400 హెర్ట్జ్ మధ్య స్వరాల్లో తగ్గుదల బాగా ఎక్కువగా కనబడింది. ప్రవాహం గట్టిగా ఉన్నప్పుడు బుడగలు పక్కకు కొట్టుకుపోయి తెర చిరుగుతుందని, నేల లోపలి నుంచి పాకిన శబ్దం తెరకు అవతల పైకి వస్తుందని మా వృత్తిలో వారికి తెలుసు. అందుకే ఈ మధ్య ఐరోపాలోని ఉత్తర సముద్రంలో (నార్త్ సీ) ఒకదాని వెలుపల మరొకటిగా రెండు తెరలు వేస్తున్నారు. అక్కడ జర్మనీ ప్రభుత్వం తెర వేశారా లేదా అని అడిగి ఊరుకోదు. పైల్ నుంచి 750 మీటర్ల దూరంలో ఒక్కో దెబ్బ ధ్వని మోతాదు 160 డెసిబెల్స్ దాటకూడదని అంకెతో హద్దు పెట్టింది. ఏ పరికరంతో సాధిస్తారన్నది కట్టేవారి ఇష్టం, కొలత మాత్రం తప్పదు. నాకు ఈ పద్ధతే సరైనదనిపిస్తుంది.

హాంకాంగ్‌లో ఆ తరువాత కూడా జాగ్రత్తలకు లోటు లేదు. హాంకాంగ్–జుహాయ్–మకావ్ వంతెన పనుల్లోనూ, విమానాశ్రయం మూడో రన్‌వే కోసం సుమారు 650 హెక్టార్ల సముద్రాన్ని పూడ్చిన పనిలోనూ 250 మీటర్ల నిషేధ పరిధి, పనికి ముందు అరగంట గాలింపు ఉన్నాయి. పూడిక పనిలో సముద్రపు బురదను తవ్విపోయకుండా దానిలోనే సిమెంటు కలిపి గట్టిపరిచే పద్ధతిని ఎంచుకున్నారు. వేగంగా పోయే ఫెర్రీలను దారి మళ్లించి, 15 నాట్ల వేగానికి కట్టడి చేశారు. అయినా హాంకాంగ్ జలాల్లో 2003లో 188గా అంచనా వేసిన డాల్ఫిన్ల సంఖ్య 2018 నాటికి 32కు పడిపోయింది. ఇవన్నీ చనిపోయాయని కాదు. పెర్ల్ నది ముఖద్వారంలో సరిహద్దుకు అవతల పెద్ద గుంపే ఉంది, కొన్ని అటు తరలిపోయి ఉంటాయి. కారణం పైలింగ్ ఒక్కటే కాదు, ఫెర్రీలు, చేపల వేట, కాలుష్యం, ఒకదాని వెంట ఒకటిగా వచ్చిన పూడికలు అన్నీ కలిశాయి. నన్ను ఎక్కువగా బాధించేది ఈ వరుస. వంతెన పనులకు పరిహారంగా లాంటావ్ దగ్గరి బ్రదర్స్ దీవుల చుట్టూ సముద్ర ఉద్యానాన్ని 2016 డిసెంబరులో ప్రకటించేసరికి, ఆ దీవుల దగ్గర డాల్ఫిన్లు కనబడటం దాదాపుగా మానేశాయి. మూడో రన్‌వేకు పరిహారంగా ఇస్తామన్న 2400 హెక్టార్ల ఉద్యానం 2024 నవంబరులో వచ్చింది, అంటే పూడిక మొదలైన ఎనిమిదేళ్లకు. ప్రతి సుత్తి దెబ్బ దగ్గరా మనిషిని కాపలా పెట్టారు, కానీ ఆ జంతువులు తప్పుకుని తలదాచుకోవలసిన చోటును ముందుగా సిద్ధం చేయలేదు.

ఆలోచిస్తే, అసలు సుత్తే లేకుండా చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. నేల అనుకూలిస్తే రంధ్రం తొలిచి కాంక్రీటు నింపే బోర్డ్ పైల్స్ వేయవచ్చు, జాక్‌లతో పైల్‌ను నొక్కి దింపవచ్చు, కంపనంతో దింపే యంత్రాన్ని వాడవచ్చు. పిల్లలను ఈనే కాలంలో పెద్ద చప్పుడు పనులను ఆపి, ఆ నెలల్లో ఒడ్డు పనులు పెట్టుకోవచ్చు. ఇవన్నీ డిజైన్ గదిలో తేలవలసిన విషయాలు. పరిశీలకులు బార్జి ఎక్కే నాటికి వీటిలో ఏదీ మార్చడానికి వీలుండదు.

ఈ విషయం మనకు ఎంత దగ్గరిదో నాకు ఆలస్యంగా తెలిసింది. అమరావతి స్తూపాన్ని 1845లో తవ్వించిన వాల్టర్ ఎలియట్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. ఆయన విశాఖపట్నం తీరంలో దొరికిన తిమింగిలాల, డాల్ఫిన్ల నమూనాలను కూడా సేకరించారు. వాటిని పరిశీలించి లండన్‌లో రిచర్డ్ ఓవెన్ 1866లో ప్రకటించిన జాతుల్లో, ఈనాడు ప్రపంచమంతా ఇరావతి డాల్ఫిన్ అని పిలిచే జంతువు ఒకటి. దాని మొదటి నమూనా దొరికింది బర్మాలోని ఇరావతి నదిలో కాదు, 1852లో విశాఖపట్నం రేవులో. వాల్తేరు నమూనాను బట్టి వర్ణించిన మరుగుజ్జు స్పెర్మ్ తిమింగిలం ఇంకొకటి. 1933లో మన ఓడరేవు తెరిచారు. నా చిన్నతనమంతా ఆ రేవు గట్టు మీదే గడిచినా ఇరావతి డాల్ఫిన్‌ను నేను చూసింది ఒడిశాలోని చిలికా సరస్సులోనే. ఇప్పుడు మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నం దగ్గర కొత్త రేవులు లేస్తున్నాయి. ఆ రేవులు కావాలనే నేను కోరుకుంటాను, వాటి మీద ఎన్నో ఇళ్ల పొయ్యిలు వెలుగుతాయి. అయితే వీపు మీద మూపు ఉండే హంప్‌బ్యాక్ డాల్ఫిన్లు ఇష్టపడేవి కూడా మనం రేవులు కట్టే ఈ లోతు తక్కువ తీరపు నీళ్లనే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం డాల్ఫిన్లనూ తిమింగిలాలనూ మొదటి షెడ్యూలులో పెట్టి, పులికి ఇచ్చిన స్థానమే ఇచ్చింది. ఆ స్థానం టెండరు పత్రంలోకి దిగాలి. బిల్లులో పద్దుగా లేనిది సైటులో ఉండదని నా అనుభవం. పరిశీలకుల జీతం, కంప్రెసర్ల అద్దె, హైడ్రోఫోన్ కొలతలు విడివిడి పద్దులుగా ఉండాలి. పని ఆపే అధికారం పరిశీలకులదేనని ఒప్పందంలో రాయాలి. అన్నిటికంటే ముందు, ఆగిన సమయానికి కాంట్రాక్టరుకు డబ్బు కట్టివ్వాలి. లేకపోతే డాల్ఫిన్ కనబడిన ప్రతిసారీ అది నష్టంగానే కనబడుతుంది, నాకు కనబడినట్టే.

ఆ విదేశీ పని ముగిశాక మరో జెట్టీకి అంచనాలు వేసే బాధ్యత నాకు వచ్చింది. రోజుకు ఒక గంట చొప్పున ‘జంతువుల కోసం ఆగే సమయం’ అని ఒక పద్దు రాశాను. సమీక్షలో దాన్ని కొట్టేయమని రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ హైడ్రోఫోన్ రికార్డింగును బల్ల మీద పెట్టి వినిపించాను. పద్దు నిలిచింది. ఆ పనిలో మేము మొత్తం పదకొండు సార్లు ఆగాం. పదకొండు సార్లలో ఒక్కసారి కూడా రేడియోలో ఎవరూ అరవలేదు.