రెండు గంపలు, మూడు పుంజులు

సంక్రాంతికి రెండు రోజుల ముందు నరసాపురంలో రైలు దిగి, అంతర్వేది వెళ్దామని సఖినేటిపల్లి పంటు ఎక్కాను. వచ్చిందే ల్యాబు మర్చిపోవడానికి. హెర్బర్ట్‌స్మిథైట్ అనే ఆకుపచ్చ పొడిని ఆర్నెల్లుగా చల్లబరుస్తూ, అందులో రాగి స్పిన్‌లు (పరమాణువుల్లోని బుల్లి అయస్కాంతాలనుకోండి) ఒక వరసలోకి వస్తాయేమోనని చూస్తున్నా. రావు. రాకపోవడమే నా థీసిస్, కానీ రోజూ నోట్‌బుక్‌లో 'ఏమీ జరగలేదు' అని రాసుకోవడం ఎంత విసుగో!

పంటు మీద బైకులు, కొబ్బరికాయల ఆటో, వాటి మధ్య ఒక పెద్దావిడ. రెండు వెదురు గంపలు, మూడు పందెం పుంజులు. రంగుని బట్టి పుంజుల పేర్లు: డేగ ఒక గంప కింద, కాకి ఇంకో గంప కింద, నెమలి ఒళ్ళో.

"దాన్ని కూడా గంప కింద పెట్టెయ్యచ్చుగా పిన్నిగారూ?"

"ఏ గంప కింద పెట్టను బాబూ, ఎక్కడ పెట్టినా పొడుచుకు చస్తాయండి, ఆయ్!"

నవ్వాగలేదు. 1950లో వానియర్ అనే భౌతిక శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించింది ఇదే కదా. యాంటీఫెర్రోమాగ్నెట్ అనే రకం పదార్థంలో పక్కపక్క స్పిన్‌లు ఒకటి పైకుంటే ఒకటి కిందికి ఉండాలంటాయి. చదరపు గళ్ళలో ఇబ్బంది లేదు, చల్లబడితే చదరంగం బల్లలా సర్దుకుంటాయి. త్రిభుజంలో మాత్రం మూడోది ఎటు తిరిగినా ఎవరో ఒకరితో పేచీ. ఉన్న ఎనిమిది అమరికల్లో ఆరింటికి శక్తి సమానం, అందుకే త్రిభుజాల జాలకం మొత్తం మీద సున్నా కెల్విన్‌కి (అంతకన్నా చలి ఉండదు) వెళ్ళినా వరస కుదరదు. (స్పిన్‌లు ఎటైనా తిరగగలిగితే 120 డిగ్రీల తేడాతో రాజీ పడతాయి. పుంజులకి ఆ తెలివి లేదు.)

అప్పుడు గంప అల్లిక చూశా. ఆరు మూలల కళ్ళు, చుట్టూ చిన్న త్రిభుజాలు. జపాన్ వాళ్ళు దీన్నే కగోమే అంటారు, కగో అంటే బుట్ట, మే అంటే కన్ను. మనం వల కన్ను అనమూ, అలాగే. నా పొడిలో రాగి పరమాణువులు కూర్చునేది అచ్చం ఈ అల్లిక మీదే! ఒక్కో మూల రెండేసి త్రిభుజాలకి ఉమ్మడి కాబట్టి ఆ రాజీ కూడా లెక్కలేనన్ని రకాలుగా కుదురుతుంది, ఏ ఒక్కటీ నిలవదు. స్పిన్‌ల మధ్య పట్టు ఉష్ణోగ్రత లెక్కలో సుమారు 190 కెల్విన్, మామూలుగా ఆ దరిదాపుల్లోనే వరస కుదరాలి, అయినా 0.05 కెల్విన్ దాకా వరస కనపడలేదు. గడ్డకట్టి ఆగిపోయాయా అంటే అదీ కాదు, ఆ చలిలోనూ కదులుతూనే ఉంటాయి.

నడి గోదారిలో ఆవిడ డేగని ఒళ్ళోకి తీసుకుని నెమలిని గంప కింద పెట్టింది.

"ఒక్క పుంజునే ఎంతసేపు మొయ్యనండీ, వంతులేశాను."

సఖినేటిపల్లి రేవులో దిగేసరికి కాకి ఒళ్ళో ఉంది.