52 మిల్లీమీటర్లు 66 అయిన రోజు

స్కాన్లు చూసి రిపోర్టు రాసే రేడియాలజిస్టుని నేను. ఆ రోజు వచ్చిన చీటీ మీద ‘ఊపిరితిత్తి క్యాన్సర్, ఫాలోఅప్ సీటీ’ అని మాత్రమే ఉంది. పాత స్కాన్ పక్కన పెట్టుకుని కొలిచాను. ఊపిరితిత్తిలోని గడ్డ 36 మిల్లీమీటర్ల నుంచి 45కి పెరిగింది. దగ్గరున్న లింఫ్ గ్రంథి 16 నుంచి 21కి. మొత్తం 52 కాస్తా 66, అంటే 27 శాతం. గడ్డల కొలతలను బట్టి జబ్బు తీరు తేల్చడానికి మేం వాడే రెసిస్ట్ లెక్కలో 20 శాతం, కనీసం 5 మిల్లీమీటర్లు పెరిగితే జబ్బు ముదిరినట్టే. అలాగే రాయబోయి, ఎందుకో ఆగి, రోగిని చూస్తున్న ఆంకాలజిస్టుకి (క్యాన్సర్ డాక్టరుకి) ఫోన్ చేశాను.

“ఇమ్యూనోథెరపీ మొదలుపెట్టి తొమ్మిది వారాలైంది. మనిషి బాగానే ఉన్నాడండీ, దగ్గు తగ్గింది, ఆకలేస్తోందట” అన్నారావిడ.

ఆ మందు పేరు చీటీలో ఉండాల్సింది. కీమో మందు కణాన్ని నేరుగా దెబ్బతీస్తుంది. ఇమ్యూనోథెరపీ మందులు అలా కాదు, జబ్బులతో పోరాడే మన టీ కణాలకు క్యాన్సర్ వేసిన కళ్లెం విప్పుతాయి. అవి గుంపుగా గడ్డలోకి చొరబడితే గడ్డ వాచి పెద్దదిగా కనిపించవచ్చు. అది వాపో క్యాన్సరో సీటీలో సైజు చూసి చెప్పలేం. పెట్ స్కానూ ఇక్కడ తికమక పెడుతుంది. చక్కెరను ఎక్కువగా లాక్కునే చోటల్లా వెలుగు కనిపిస్తుంది, పోరాడే టీ కణాలూ చక్కెరను లాక్కునేవే. అందుకే 2017లో ఇమ్యూనోథెరపీ కోసం మార్చిన రెసిస్ట్ లెక్క, ఐరెసిస్ట్ వచ్చింది. మొదటిసారి పెరిగితే ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని రాసి, రోగి నిలకడగా ఉంటే 4 నుంచి 8 వారాల్లో మళ్లీ స్కాన్ తీయాలి.

అలాగే రాశాను. సాయంత్రం రోగి కూతురు వచ్చి “పెరిగిందంటున్నారు, మందు ఆపేస్తారా సార్?” అని అడిగింది. రెండు బొమ్మలూ చూపించాను. “ఇప్పుడే ఆపరమ్మా. ఇంకో స్కాన్ చూశాకే ఏ సంగతైనా తెలుస్తుంది” అన్నాను. అంతకుమించి ధైర్యం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆరు వారాల తర్వాత 24, 10. మొత్తం 34. మొదటి స్కాన్‌తో పోలిస్తే మూడో వంతుకు పైగా తగ్గింది. ఒకటికి రెండుసార్లు కొలిచి, రిపోర్టు టైపు కాకముందే ఆంకాలజిస్టుకి ఫోన్ చేశాను.

కానీ ఇలా జరిగేది పదిమందిలో ఒకరికి కూడా కాదు. పెరిగిందంటే చాలాసార్లు నిజంగా పెరిగినట్టే. ఆ నెలలోనే ఇంకొకావిడకి ఇలాగే ‘నిర్ధారణ కాలేదు’ అని రాశాను. ఆవిడ అప్పటికే బరువు తగ్గుతోందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండో స్కాన్‌లో కాలేయంలో కొత్త మచ్చలు కనిపించాయి. మందు మార్చారు గానీ, రెండో స్కాన్ కోసం ఆగిన ఆ అయిదు వారాలు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు ఏ మందు, ఎప్పుడు మొదలైంది, మనిషి ఎలా ఉన్నారు అని అడిగి తెలుసుకున్నాకే కొలత మొదలుపెడుతున్నాను.