కార్తీకపు ఉదయాన పుష్పక్‌తో

వానలు వెనకబట్టాయి. ఓర్వకల్లు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో శనగ విత్తుతున్నారు. చాలా రోజులుగా షెడ్డులోనే నిలబడిపోయిన మా పుష్పక్‌ను, వాతావరణమూ విమానమూ రెండూ ఒప్పుకుంటే ఇవాళ ఎగరేయాలని, కర్నూలులో వీధి దీపాలు ఇంకా ఆరకముందే బయలుదేరాను.

పాత విమానం కదా, ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ కాలం మన్నుతుంది కదా అని మా బావగారు తరచూ అంటుంటారు. ఆ మాట పట్టుచీరకు వర్తిస్తుందేమో గానీ విమానం ఇంజనుకు వర్తించదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, కాసేపు ఆ వేడిలోనే ఉంటే తప్ప ఆ తేమ బయటికి పోదు. పోకుండా నిలిచిన తేమ ఆమ్లమై, ఆయిల్ పొర కారిపోయిన వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్టు మీదా ట్యాపెట్ల మీదా తుప్పు పుట్టిస్తుంది. ఆ తుప్పు గుంటలు పెద్దవైతే చివరికి ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది. షెడ్డు ముందు పది నిమిషాలు తిప్పి ఆపేయడం దీనికి మందు కాదు, ఎందుకంటే నేలమీద ఆయిల్ కావలసినంత వేడెక్కదు, కొత్త తేమ మాత్రం చేరుతుంది. అందుకే ఈ విమానాన్ని క్రమం తప్పకుండా ఎగరేయడాన్ని నేను దాని నిర్వహణలో భాగంగానే చూస్తాను.

పుష్పక్ మన దేశంలో తయారైన విమానం. అప్పటి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థ బెంగళూరులో తయారుచేయగా 1958లో తొలిసారి ఎగిరింది. అమెరికాలో తయారైన ఏరోంకా చీఫ్ దీనికి మాతృక. పక్కపక్కనే రెండు సీట్లు, తలపైన రెక్క, తోక కింద చిన్న చక్రం, ముందు 90 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజను, ఉక్కు గొట్టాల చట్రం మీద బిగించిన గుడ్డ. ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఒక తరం పైలట్లు దీనిమీదే చెయ్యి తిప్పుకున్నారు. దీనిలో ఏ భాగం ఏ పని చేస్తోందో కంటితో చూసి, చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. నాకు దీనిమీద ఇంత ప్రేమ కలగడానికి అదే ముఖ్య కారణం.

మా ఇంజనీరు నాకంటే ముందే వచ్చి ఇంజను మూత (కౌలింగ్) విప్పి ఉంచారు. ఆయన వయసులో పెద్దవారు, లైసెన్సు ఉన్న విమాన నిర్వహణ ఇంజనీరు (ఏఎంఈ). ఆయన సంతకం లేనిదే ఈ విమానం కదలదు. వానాకాలం తర్వాతి పరీక్షను మేము తోక దగ్గర మొదలుపెడతాం. తోకచక్రం ఉన్న విమానం వెనక్కి వాలి నిలబడుతుంది కాబట్టి లోపలికి చేరిన ప్రతి బొట్టూ తోక అడుగుకే వస్తుంది. అక్కడ గుడ్డకు నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అందులో ఒకటి ఎర్రమట్టితో మూసుకుపోయి కనిపించింది. ఆయన సన్నటి పుల్లతో మట్టిని తీయగానే రెండు మూడు చుక్కల నీళ్లు నా అరచేతిలో పడ్డాయి. ఆ నీళ్లే నెలల తరబడి నిలిచి ఉంటే ఉక్కు గొట్టాలను గుడ్డ చాటున, ఎవరికీ కనబడకుండా తినేస్తాయి. టార్చి వేసి గొట్టాల అతుకులన్నీ చూశాం. రంగు చెక్కుచెదరలేదు, తుప్పు లేదు.

తరువాత రెక్కల లోపల ఎలుకలు గూడు పెట్టాయేమో చూశాం. అవి గుడ్డను కొరకడం ఒక నష్టమైతే, వాటి మూత్రం లోహాన్ని తినడం అంతకంటే పెద్ద నష్టం. పెట్రోలు ట్యాంకుకు గాలి అందించే వెంట్‌లోకి సన్నటి తీగ దూర్చి చూడటం మాకు తప్పనిసరి. మట్టిగూడు కట్టే కందిరీగకు అంతకంటే అనుకూలమైన చోటు దొరకదు. వెంట్ మూసుకుపోతే ట్యాంకులో పెట్రోలు నిండుగా ఉన్నా ఇంజనుకు అందదు. ఆపైన ట్యాంకు అడుగునుంచి గాజు సీసాలోకి పెట్రోలు వంపి వెలుతురులో పట్టుకున్నాను. లేత నీలం రంగు స్వచ్ఛంగా ఉంది, అడుగున నీటి బుడగ లేదు.

ఆ నీలం రంగు గురించి ఒక మాట. ఈ ఇంజనును 80 ఆక్టేన్ విమాన పెట్రోలు కోసం రూపొందించారు. ఇప్పుడు దొరికే, ఈ నీలం రంగుదైన 100 ఎల్‌ఎల్ (లో లెడ్) పెట్రోలులో ‘తక్కువ సీసం’ అని పేరులోనే ఉన్నా, పాత పెట్రోలుతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్ల దాకా సీసం ఉండవచ్చు. అది స్పార్కు ప్లగ్గుల్లో, ముఖ్యంగా కింది వరుసవాటిలో, బూడిదరంగు గింజలుగా పేరుకుంటుంది. ఇవాళ మా ఇంజనీరు కింది ప్లగ్గులు నాలుగూ విప్పి, ఆ గింజలను ఓపికగా గీకి తీసి, గ్యాప్ కొలిచి మళ్లీ బిగించారు. చాలాసేపు పట్టింది. తొందర పెట్టవలసిన పని కాదు కనుక నేనూ పక్కనే కూర్చుని తుడిచి అందించాను.

ఈ విమానానికి స్టార్టర్ లేదు, చెక్క ప్రొపెల్లర్‌ను చేత్తో తిప్పాలి. ఈ ఒక్క పనిలో మాత్రం మేము కొసరు మాటలు కూడా మాట్లాడుకోం. చక్రాల ముందు దిమ్మలు పెట్టి, తోకను కొక్కేనికి కట్టి, ఉంగరాలూ గడియారాలూ తీసేసి, బ్రేకు తొక్కి పట్టి నేను లోపల కూర్చుంటాను. “స్విచ్ ఆఫ్” అని ఆయన అడుగుతారు, “ఆఫ్” అని నేను చూసి మరీ చెబుతాను. అంత చెప్పినా ఆయన ప్రొపెల్లర్‌ను ప్రాణమున్నదానిగానే చూస్తారు. ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే మాగ్నెటోను స్విచ్చుకు కలిపే తీగ తెగితే, స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మాగ్నెటో నిప్పురవ్వ పుట్టిస్తూనే ఉంటుంది. ఆయన బ్లేడు చుట్టూ వేళ్లు బిగించరు, అంచు మీద అరచేతులు ఆనించి, కిందికి లాగుతూనే ఒళ్లు వెనక్కి తీసుకుంటారు. “కాంటాక్ట్” (స్విచ్ ఆన్) అన్నాక మాగ్నెటోలో టక్కుమన్న చప్పుడు, వెంటనే ఇంజను అందుకుంది.

పరుగు తీయకముందు కార్బురేటర్ హీట్ (పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌కు వేడిగాలి పంపే మీట) లాగి చూశాను. చల్లటి గాలి, అందులో నిన్నటి తేమ. ఇలాంటి పూటే కార్బురేటర్‌లో మంచు పడుతుంది. గాలి 20 డిగ్రీలున్నా, పెట్రోలు ఆవిరయ్యే చోట చల్లదనం సున్నాకు దిగి కార్బురేటర్ గొంతులో మంచు కడుతుంది. మన ఎండల్లో మంచేమిటని కొత్తవారు నమ్మరు, కానీ ఇది మన కార్తీక, మార్గశిర మాసాల్లో తప్పక గుర్తుంచుకోవలసిన ప్రమాదం. హీట్ లాగగానే ఆర్‌పీఎం కొద్దిగా తగ్గి అక్కడే నిలిచింది, అంటే మంచు లేదు. తగ్గి, ఇంజను దగ్గి, మళ్లీ పెరిగితే మంచు కరుగుతోందని అర్థం.

అనుమతి రాగానే లేచాం. ఓర్వకల్లు విమానాశ్రయపు 2000 మీటర్ల రన్‌వేలో పుష్పక్‌కు కావలసింది చాలా తక్కువ, కానీ ఆ పొడవు ఈ కాలంలో కంటే వేసవిలో విలువైనది. సముద్రమట్టానికి 1000 అడుగుల ఎత్తున్న నేలమీద ప్రామాణిక ఉష్ణోగ్రత 13 డిగ్రీలు. అదే చోట 40 డిగ్రీలుంటే, ప్రమాణానికి పైనున్న ప్రతి డిగ్రీకి సుమారు 120 అడుగుల ఎత్తు చొప్పున కలిపితే, విమానం 4000 అడుగులకు పైన ఉన్నంత పలచటి గాలిలోంచి లేవాలి. ఆ గాలిలో ఇంజను బలమూ రెక్క పట్టూ రెండూ తగ్గుతాయి. అందుకే వైశాఖంలో నేను పొద్దెక్కాక విమానం తీయను, ఎవరు అడిగినా సరే.

ఒక్క ఇంజను విమానంలో ఎగిరేవాడు దిగే చోటు వెతుక్కుంటూనే ఎగరాలి. నంద్యాల వైపు తిరిగినప్పుడు గని, శకునాల గ్రామాల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు పలకలు కింద పరుచుకుని ఉంటాయి. అక్కడ దిగడానికి చోటు లేదు, పైగా దాని చుట్టూ హైటెన్షన్ తీగలు. నల్లరేగడి చేను పైనుంచి చదునుగా, మెత్తగా, ఆహ్వానిస్తున్నట్టే ఉంటుంది గానీ, వాన తడి ఆరనప్పుడు అందులో చక్రం కూరుకుపోయి విమానం ముక్కుమీద పల్టీ కొడుతుంది. ఎండాకాలంలో నేను ఎంచుకునే చేలను ఇవాళ వదిలేసి, రాళ్లు ఏరిన ఎర్రనేలల బీళ్లను, కోత అయిన చేలను మనసులో గుర్తు పెట్టుకుంటూ వెళ్లాను. దూరంగా కర్నూలు దగ్గర తుంగభద్రలో హంద్రీ కలిసే చోటు మెరుస్తోంది. చూశాను, కానీ కళ్లు మళ్లీ ఆయిల్ గేజీల మీదికే వచ్చాయి. ఉష్ణోగ్రత కావలసినంత ఎక్కింది, ప్రెషర్ నిలకడగా ఉంది; ఆ వేడిలోనే అరగంట పైగా ఉంచి తిరిగి వచ్చాను.

దిగేసరికి గాలి పక్కకు తిరిగింది. తోకచక్రపు విమానంలో బరువు ప్రధాన చక్రాలకు వెనక ఉంటుంది కాబట్టి ముక్కు కాస్త పక్కకు పోయినా తోక ముందుకొచ్చి విమానాన్ని గిర్రున తిప్పేస్తుంది. నేలను తాకిన తర్వాతే అసలు పని మొదలవుతుందని గురువుగారు నేర్పారు. పూర్తిగా ఆగే దాకా కాళ్లు రడ్డర్ పెడళ్ల మీద ఆడుతూనే ఉన్నాయి. ఇంజను ఆపే ముందు నెమ్మదిగా తిరుగుతుండగానే స్విచ్‌ను ఒక్క క్షణం ఆఫ్ చేసి చూశాను. చచ్చినట్టు ఆగబోయింది, అంటే మాగ్నెటోల తీగలు రెండూ సరిగా ఉన్నాయి.

లాగ్‌బుక్ రాస్తుండగా మా ఇంజనీరు విమానం కడుపు కింది గుడ్డను వేలితో నొక్కి చూస్తూ, “సార్, ఈసారి ఏఆర్‌సీకి, అదే ఎగిరే యోగ్యత సమీక్ష పత్రానికి, ముందే ఈ కింది భాగం మార్చేద్దాం, ఇంకో వానాకాలం దాకా ఆగొద్దు” అన్నారు. కొత్త గ్రేడ్-ఎ నూలు గుడ్డ అంగుళం వెడల్పుకు 80 పౌండ్ల లాగుడు తట్టుకోవాలి. 56 పౌండ్ల కంటే దిగితే పనికిరాదు. పోయినసారి కొలిచినప్పుడు మాది ఆ గీతకు పైనే ఉంది, కానీ అంత దూరంలో లేదు. గుడ్డను బిగించి ఎండనుంచి కాపాడే వెండిరంగు డోపు పూత పలచబడిన చోట మన ఎండ నూలు పోగులను నేరుగా కొడుతుంది. గుడ్డ, టేపులు, డోపు ఎంత కావాలో ఆయన కొలతలు రాసిచ్చారు. రేపే ఆర్డరు పెడతాను.