టెస్టింగ్ నుంచి గేమ్ ప్రోగ్రామింగ్ దాకా: నా అనుభవం

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బీటెక్ మెకానికల్, 2021 పాసవుట్. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక మొబైల్ గేమ్స్ స్టూడియోలో గేమ్‌ప్లే ప్రోగ్రామర్‌గా చేస్తున్నా. "అన్నా, గేమింగ్‌లోకి ఎలా రావాలి, ఏ కోర్సు చెయ్యాలి" అని జూనియర్లు, మా వైపు పిల్లలు అడుగుతూనే ఉంటారు, ఫోన్లో అయిదు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. నాకు ఈ దారిలో నిజంగా పనికొచ్చినవి రెండు. పూర్తి చేసి ప్లే స్టోర్‌లో పెట్టిన ఒక చిన్న గేమ్, ఇంకా చాలామంది చిన్నచూపు చూసే టెస్టింగ్ ఉద్యోగం.

లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్నప్పుడు మొదలుపెట్టా. ఉన్నది ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు, అందుకని అన్‌రియల్ జోలికి పోకుండా యూనిటీ పట్టుకున్నా (రెండూ గేమ్ ఇంజిన్లు, అంటే గేమ్స్ తయారు చేసే సాఫ్ట్‌వేర్లు). పీసీ, కన్సోల్ పెద్ద గేమ్స్ వైపు వెళ్ళాలంటే అన్‌రియల్, దాంతోపాటు సీ ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష గట్టిగా రావాలి. మొబైల్ అయితే యూనిటీ, సీ షార్ప్ అనే ఇంకో భాషతో బండి నడుస్తుంది, మన దగ్గర ఫ్రెషర్లకి తగిలే ఓపెనింగ్స్‌లో నేను చూసినంతవరకు మొబైల్‌వే ఎక్కువ. గోడో అని ఇంకో ఇంజిన్ ఉంది, ఓపెన్ సోర్స్, పైసా కట్టక్కర్లేదు, నేర్చుకోడానికి చాలా బావుంటుంది కానీ జాబ్ పోస్టింగుల్లో దాని పేరు తక్కువ కనపడుతుంది.

అందరిలాగే యూట్యూబ్ చూస్తూ వాళ్ళు టైప్ చేసింది నేనూ టైప్ చేశా. అట్లా ఒక రన్నర్ గేమ్, ఒక షూటింగ్ గేమ్ అయ్యాయి. వీడియో ఆపేసి సొంతంగా ఏదైనా మొదటినుంచి కట్టాలంటే అప్పుడు అసలు చదువు మొదలవుతుంది. రూల్స్ నాకు బాగా తెలిసిన ఆట ఏదైనా తీసుకుందాం, అప్పుడు డిజైన్ గురించి ఆలోచించే పని ఉండదు, మొత్తం బుర్ర కోడ్ మీదే పెట్టొచ్చు అనుకుని పులి మేక తీసుకున్నా. మా నాన్నమ్మ వాళ్ళ ఊళ్ళో గుడి అరుగు మీద ఆ గీతలు చెక్కి ఉండేవి, చింతపిక్కలు మేకలు, గులకరాళ్ళు పులులు.

ఆడినప్పుడు సులువుగానే ఉంటుంది గానీ ప్రోగ్రామ్‌లో పెట్టేటప్పుడు తెలుస్తుంది. బోర్డు మీద 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. చదరంగంలాగా గడులు కాదు, పైన కొండ కొస దగ్గర గీతలన్నీ ఒకచోట కలుస్తాయి, కింద విడిపోతాయి. కాబట్టి అడ్డం నిలువు లెక్కల టేబుల్ వేస్తే కుదరదు. ప్రతి చోటుకీ ఒక నంబర్ ఇచ్చి, అక్కడినుంచి ఏయే చోట్లకి వెళ్ళొచ్చో ఒక లిస్టు, పులి ఎవరి మీదుగా దూకి ఎక్కడ దిగుతుందో ఇంకో లిస్టు రాసుకున్నా. కాలేజీలో వేరే బ్రాంచి వాళ్ళు చదివే గ్రాఫ్ అంటే ఇదేనని అప్పుడే అర్థమైంది. తర్వాత కంప్యూటర్ ఆడాలి కదా, దానికి మినీమ్యాక్స్, అంటే నేను ఈ ఎత్తు వేస్తే వాడు ఏమేస్తాడు, దానికి నేను ఏమేస్తా అని ముందుకి చూసుకుంటూ పోవడం. ఎన్ని మేకలు చచ్చాయి, ఎన్ని పులులు కదల్లేకుండా ఇరుక్కున్నాయి అనే రెండు లెక్కలతో మార్కులు వేయించా. ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా ఆడింది. నాన్న ఫోన్లో వేస్తే ప్రతి ఎత్తుకీ స్క్రీన్ బిగుసుకుపోయేది, ఎందుకంటే బొమ్మ గీసే థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒక వరసలో నడిచే పని) మీదే ఈ లెక్కంతా నడుస్తోంది. లెక్కని వేరే థ్రెడ్‌కి మార్చి, పనికిరాని కొమ్మలు ముందే కత్తిరించే ఆల్ఫా బీటా పద్ధతి పెట్టాక దారిలో పడింది.

ఆట ఆడగలిగే స్థితికి తొందరగానే వచ్చింది. మెనూ, సౌండ్ ఆఫ్ చేసే బటన్, వెనక్కి తీసుకునే ఎత్తు, కొత్తవాళ్ళకి నేర్పే మొదటి లెవెల్, చిన్న స్క్రీన్‌లో అక్షరాలు కట్ అవకుండా చూసుకోవడం, ఇవన్నీ దానికి రెట్టింపు టైమ్ తిన్నాయి. చాలామంది ఇక్కడే వదిలేసి ఇంకో కొత్త ప్రాజెక్టు మొదలుపెడతారు, వదలొద్దు, ఇంటర్వ్యూలో ప్రశ్నలన్నీ ఈ భాగం నుంచే వస్తాయి. 25 డాలర్లు ఒకసారి కట్టి ప్లే స్టోర్‌లో పెట్టా. ఇప్పుడు కొత్తగా పర్సనల్ అకౌంట్ తీసుకునేవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీ యాప్ టెస్టింగ్‌లో ఉంటేనే బయటికి వదలనిస్తారు (2023 చివర్లో ఈ రూల్ పెట్టినప్పుడు 20 మంది, తర్వాత తగ్గించారు). హాస్టల్ ఫ్రెండ్స్‌ని ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఇక ఉద్యోగం వేట. మన దేశంలో పెద్ద పేర్లు ఎక్కడున్నాయో ముందు తెలుసుకోవాలి. హైదరాబాద్‌లో ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) ఉంది, యూబీసాఫ్ట్ పూణే, ముంబైలో ఉంది, రాక్‌స్టార్ బెంగళూరులో. 1997లో బెంగళూరులో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్‌ని 2019లో రాక్‌స్టార్ కొనేసింది, మన గేమ్ ఇండస్ట్రీ పాత తరం వాళ్ళలో చాలామంది అక్కడినుంచి వచ్చినవాళ్ళే. వీటితోపాటు విదేశీ గేమ్స్‌కి ఆర్ట్ చేసిపెట్టే స్టూడియోలు, టెస్టింగ్ చేసిపెట్టే కంపెనీలు, సొంత మొబైల్ గేమ్స్ చేసే చిన్న టీములు ఉంటాయి. ప్రోగ్రామర్, ఆర్టిస్ట్, డిజైనర్, టెస్టర్, ప్రొడ్యూసర్, దేని దారి దానిదే, "గేమింగ్ కోర్సు" అని అన్నీ కలిపి నేర్పిస్తామనేవాళ్ళ దగ్గర డబ్బు కట్టేముందు ఇందులో నాకు ఏది కావాలి అని తేల్చుకోవాలి. అప్లై చేసినవాటిలో చాలావాటికి జవాబే రాలేదు. ఒక కన్సల్టెన్సీ డబ్బులు కడితే గేమ్ కంపెనీలో పెట్టిస్తామంది, ముందు డబ్బులడిగారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ప్రోగ్రామర్ పోస్టు దొరకలేదు కానీ 2022లో క్యూఏ టెస్టర్‌గా, అంటే గేమ్‌లో తప్పులు పట్టే పనికి పిలిచారు. ఇంటర్వ్యూలో ఫోన్ చేతికిచ్చి, ఈ గేమ్‌లో అరగంటలో బగ్స్ పట్టండి అన్నారు. నెలకి చేతికొచ్చేది 20 వేలు కూడా దాటేది కాదు, కొండాపూర్‌లో షేరింగ్ హాస్టల్, క్లయింట్ అమెరికా వాళ్ళయితే నైట్ షిఫ్టు. ఇంటి దగ్గర బంధువులు "ఆటలాడితే జీతమిస్తారంట" అనుకునేవాళ్ళు. ఒకే లెవెల్ వారం రోజులపాటు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడి, గోడ ప్రతి మూలకీ గుద్దుకుని చూడటం అనేది ఆడుకోవడం కాదు, ఓపిక కావాల్సిన గట్టి పని.

ఒకటి చెప్తా. ఒక గేమ్‌లో యాడ్ చూస్తే కాయిన్స్ ఇస్తారు. కొంతమంది ప్లేయర్లకి కాయిన్స్ రెండింతలు పడుతున్నాయని సర్వర్ లెక్కల్లో తెలుస్తోంది, మా ఎవ్వరికీ రావట్లేదు. యాడ్ నడుస్తుండగా వైఫై తీసి చూశా, రాలేదు. హోమ్ బటన్ నొక్కి వచ్చా, రాలేదు. పక్కనున్న అమ్మాయిని నా నంబర్‌కి కాల్ చెయ్యమన్నా, యాడ్ చివరి రెండు మూడు సెకన్లలో కాల్ ఎత్తి పెట్టేసి గేమ్‌లోకి వస్తే అప్పుడు పడ్డాయి రెండుసార్లు. యాడ్ అయిపోయిందని ఒకసారి, యాప్ తిరిగి ముందుకి వచ్చిందని ఇంకోసారి, రెండు చోట్ల నుంచీ కాయిన్స్ ఇచ్చే అదే ఫంక్షన్ పిలుస్తున్నారు. బగ్స్ రాసిపెట్టే జీరా అనే సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫోన్, గేమ్ ఏ బిల్డ్ (వెర్షన్), ఏ స్టెప్ తర్వాత ఏది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు వస్తోంది, రావాల్సింది ఏంటి వచ్చింది ఏంటి అని రాసి, కింద కారణం ఇదయ్యుండొచ్చు అని నా ఊహ కూడా రాశా. డెవలపర్ నా సీటు దగ్గరికొచ్చి "కోడ్ చూశారా మీరు" అని అడిగాడు. చూళ్ళేదు, నా పులి మేకలో కాల్ వస్తే ఏమవుతుందో నేనే రాసుకున్నా కాబట్టి తట్టింది.

టెస్టింగ్ నాకు నేర్పింది అదే. గేమ్ ఎక్కడెక్కడ విరుగుతుందో చేత్తో పట్టుకుని చూసినవాడు కోడ్ రాసేటప్పుడు ఆ చోట్లన్నీ ముందే చూస్తాడు. అయితే ఆ కంపెనీలో క్యూఏ నుంచి డెవలప్‌మెంట్‌కి దారి లేదన్నారు, చాలాచోట్ల ఇదే మాట వినపడుతుంది, చేరేముందే అడగడం మంచిది. షిఫ్టు అయ్యాక కూర్చుని చదివేవాణ్ణి, బయట అప్లై చేసేవాణ్ణి.

2023లో ఒక చిన్న స్టూడియోలో ప్రోగ్రామర్ ఇంటర్వ్యూకి పిలిచారు. రెజ్యూమే పక్కన పెట్టి వాళ్ళ ఫోన్లో నా పులి మేక ఇన్‌స్టాల్ చేసుకుని ఆడారు, ఒకాయన రెండు ఆటలు ఆడాడు. ఇక్కడ గ్రాఫ్ ఎందుకు వాడారు, మినీమ్యాక్స్ ఎంత లోతుకి వెళ్తోంది, ఫోన్ వేడెక్కుతోందా అని అడిగారు. తర్వాత బోర్డు మీద ఒక ప్రశ్న. శత్రువు నిలబడి ఉన్నాడు, ప్లేయర్ వాడి ముందున్నాడా వెనకున్నాడా ఎలా తెలుసుకుంటారు? శత్రువు చూస్తున్న దిక్కు ఒక వెక్టర్, శత్రువు నుంచి ప్లేయర్ వైపు ఇంకో వెక్టర్, రెండిట్నీ యూనిట్ పొడవుకి తెచ్చి డాట్ ప్రాడక్ట్ తీస్తే ప్లస్ వస్తే ముందు, మైనస్ వస్తే వెనక, 0.5 కంటే ఎక్కువొస్తే నేరుగా చూసే గీతకి అటు ఇటు 60 డిగ్రీల లోపు. ఇది ఇంటర్ ఎంపీసీ 1ఏ లో అందరం చదివిందే! వెక్టర్లు, మాట్రిసెస్, ట్రిగనామెట్రీ మూడూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి, గేమ్ ప్రోగ్రామింగ్‌లో రోజూ తగిలేవి కూడా అవే. ఎంసెట్ అయ్యాక ఆ పుస్తకాలు అమ్మేయకండి.

ఆఫర్ వచ్చింది. చేరాక మొదటి నెలల్లో ఇచ్చిన పని, తక్కువ ధర ఫోన్లలో గేమ్ ఆగి ఆగి వస్తోంది, ఎందుకో కనుక్కోమని. సెకనుకి 60 ఫ్రేములు కావాలంటే ఒక్కో ఫ్రేముకి ఉండే టైమ్ 16.6 మిల్లీసెకన్లు, ఆ లోపు లెక్కలు, బొమ్మ అన్నీ అయిపోవాలి. రెండు జీబీ ర్యామ్ ఫోన్ కేబుల్‌తో కలిపి, ఏ పనికి ఎంత టైమ్ పడుతోందో చూపించే ప్రొఫైలర్ తెరిస్తే గ్రాఫ్ అంతా చదునుగా ఉండి ఉండి ఒక్కసారిగా పైకి లేస్తోంది, గార్బేజ్ కలెక్షన్, అంటే వాడేసిన మెమరీని ఊడ్చే పని, నడిచినప్పుడల్లా. తూటా పేల్చిన ప్రతిసారీ కొత్త ఆబ్జెక్ట్ పుట్టించి, తగలగానే చంపేస్తున్నారు. ఒక యాభై తూటాలు ముందే చేసి పక్కన పెట్టుకుని, పెళ్ళి భోజనాల దగ్గర గ్లాసులు కడిగి మళ్ళీ వాడినట్టు అవే తిప్పి తిప్పి వాడేలా మార్చా, దీన్నే ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారు. అయినా చిన్న చిన్నవి లేస్తూనే ఉన్నాయి. వెతికితే స్కోర్ మారినా మారకపోయినా ప్రతి ఫ్రేముకీ కొత్త స్ట్రింగ్ (అక్షరాల వరస) తయారు చేసి స్క్రీన్ మీద రాస్తున్నారు. స్కోర్ మారినప్పుడే రాసేలా పెట్టాక గ్రాఫ్ సాఫీ అయింది. ఆ రోజు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను, మా ఊళ్ళో ఇలాంటి ఫోన్ వాడేవాళ్ళకి ఇక ఈ గేమ్ బాగా ఆడుద్ది కదా అనిపించింది.

ఈ రంగంలో నేల కదులుతూనే ఉంటుంది, అది కూడా దాచకుండా చెప్పాలి. నేను చేరిన ఏడాదే సెప్టెంబర్‌లో యూనిటీ వాళ్ళు ఇన్‌స్టాల్‌కి ఇంత అని రన్‌టైమ్ ఫీజు ప్రకటించారు, చిన్న స్టూడియోలన్నీ హడలిపోయాయి, ఏడాది తర్వాత రద్దు చేశారు గానీ అప్పటినుంచి నేను రెండో ఇంజిన్ కూడా కొంచెం కొంచెం నేర్చుకుంటున్నా. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ పార్లమెంట్ చట్టం చేసింది. రమ్మీ గేమ్స్ చేసే కంపెనీల్లో మంచి జీతాలకి వెళ్ళిన నా ఫ్రెండ్స్ కొందరు ఒక్కసారిగా రోడ్డున పడ్డారు, అందులో ఒకడికి అప్పుడే పాప పుట్టింది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ రమ్మీ ఆపేసినా వేరే రాష్ట్రాల ప్లేయర్ల మీద ఆ కంపెనీలు నడిచేవి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో అంకె చూసేముందు ఈ కంపెనీకి డబ్బు ఎక్కణ్ణించి వస్తోంది, యాడ్స్ నుంచా, గేమ్‌లో కొనే వస్తువుల నుంచా, విదేశీ క్లయింట్ నుంచా, పందేల నుంచా అని మొహమాటం లేకుండా అడగండి.

మనుషుల్ని కలవాలంటే ఐజీడీసీ, అంటే ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ ఉంది, వీలైతే వెళ్ళండి. టికెట్ కష్టమైతే జనవరి చివర్లో జరిగే గ్లోబల్ గేమ్ జామ్ ఉంది, కొద్ది రోజుల్లో ఒక టీమ్‌తో కలిసి ఒక గేమ్ పూర్తి చెయ్యాలి, అక్కడ కలిసిన ఒక ఆర్టిస్ట్ అక్కే ఇప్పుడు నా పులి మేకకి కొత్త బొమ్మలు వేస్తోంది.

ఈమధ్య మా టీమ్‌కి వచ్చే ఫ్రెషర్ల అప్లికేషన్లు నేనూ చూస్తున్నా. ఏపీకే ఫైల్ (ఫోన్లో యాప్ ఇన్‌స్టాల్ చేసే ఫైల్) పంపితే తెరవడానికి మావాళ్ళు భయపడతారు, బ్రౌజర్‌లో నడిచే లింకు ఇట్చ్ అనే గేమ్స్ సైట్‌లో పెట్టండి, రెండు నిమిషాల వీడియో ఒకటి, కోడ్ గిట్‌హబ్ అనే కోడ్ పెట్టుకునే సైట్‌లో. పది సగం సగం ప్రాజెక్టుల కంటే ఎండ్ స్క్రీన్ దాకా ఆడగలిగే ఒక్కటి ముందు చూస్తాం. టీమ్ ప్రాజెక్టయితే అందులో మీరు చేసింది ఏంటో మొదటి లైన్లోనే రాయండి.