డ్రైవర్ డాక్యుమెంటేషన్ పని

మాదాపూర్‌లో మా టీమ్ నెట్‌వర్క్ డ్రైవర్లు, అంటే నెట్‌వర్క్ కార్డుని నడిపే ప్రోగ్రామ్‌లు, రాస్తుంది. వాటి డాక్యుమెంటేషన్ చూసేది నేను. ఇష్టపడి తీసుకున్న పని.

లినక్స్ కెర్నల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) ఫంక్షన్ పైన రాసే కామెంట్ నుంచే డాక్యుమెంటేషన్ పేజీ తయారవుతుంది, 2016లో 4.8 వెర్షన్ నుంచి స్ఫింక్స్ అనే టూల్‌తో. పారామీటర్ పేరు మార్చి కామెంట్ వదిలేస్తే బిల్డ్‌లో వార్నింగ్ వస్తుంది. కానీ ఈ ఫంక్షన్ స్లీప్ అవ్వచ్చా (మధ్యలో ఆగి ఎదురుచూడొచ్చా), ఏ లాక్ పట్టుకుని పిలవాలి? అది మనిషే రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఎవరో దాన్ని ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి, అంటే హార్డ్‌వేర్ సిగ్నల్ రాగానే నడిచే, మధ్యలో ఆగకూడని కోడ్‌లోంచి, పిలుస్తారు, సర్వర్ హ్యాంగ్ అవుతుంది, కారణం వెతుకుతూ ఇంకెవరికో తెల్లారిపోతుంది. అందుకే అలాంటి చోట ఆ సంగతి చెప్పే "కాంటెక్స్ట్" లైన్ లేని ప్యాచ్‌ని (కోడ్ మార్పుని) రివ్యూలో దాటనివ్వను.

"కోడ్ చదివితే తెలుస్తుంది కదా అక్కా" అన్నాడు కొత్తగా చేరిన అబ్బాయి. రాసినవాడివి కాబట్టి నీకు తెలుస్తుంది నాన్నా, అన్నాను. సాయంత్రానికి చేర్చి పంపాడు, చక్కగా రాశాడు.

ఇప్పుడు ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు లెక్కలు చూపించే కమాండ్) కౌంటర్ల పేజీ పట్టుకున్నాను. ప్యాకెట్ కార్డులో పోయిందా, డ్రైవర్‌లో పోయిందా, ఏ కౌంటర్ ఏది చెబుతుందో అందులో లేదు.